గోటిపై నలుపు: ఎప్పుడు ఆగవచ్చును, ఎప్పుడు ఆగరాదు

గోరు నల్లబడినదని ఆసుపత్రికి పోవువారు మన గ్రామములలో అరుదు. జ్వరము వచ్చినవాడు పనిచేయలేడు గనుక పోవును. కాలు విరిగినవాడు నడువలేడు గనుక పోవును. గోరు నల్లబడినంత మాత్రమున అన్నము తినుటకుగాని, పార పట్టుటకుగాని అడ్డము లేదు. "ఏ రాయియో తగిలియుండును, గోరు ఊడి క్రొత్తది వచ్చును" అని ఊరకుందురు. పెక్కుమంది విషయమున ఈ మాట నిజమే. మిగిలిన కొద్దిమంది విషయమున ఈ మాటయే ప్రాణము మీదికి తెచ్చును.

ఈ సంగతిని పంచాయతీ సభ్యులకు వివరించుటకు కారణము కలదు. గ్రామములో ఎవరికి ఏమి వచ్చినను ముందుగా అడుగునది తెలిసిన పెద్దలనే. ఆసుపత్రికి పోవుటకు తోడు కావలసినను, పథకపు కార్డు పని జరుగవలసినను మొదట తట్టునది సభ్యుని యింటి తలుపే. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య కమిటీ పనిలోను పంచాయతీకి పాత్ర కలదు. మిమ్ము వైద్యులు కమ్మనుట కాదు. ఏ నలుపు మరి యొక నెల ఆగగలదో, ఏది ఆగరాదో విడదీసి చెప్పగలిగినంత తెలివిడి యున్న చాలును. అందుకు గోరు ఎట్లు పెరుగునో మొదట తెలియవలెను.

గోరు పెరుగు తీరు

పశువు కొమ్ము, గిట్ట, మన వెండ్రుక, గోరు - ఇవన్నియు కెరటిన్ అను పదార్థముతోనే ఏర్పడినవి. పైకి కనబడు గోటిపలకలో ప్రాణము లేదు. కనుకనే కోసినను నొప్పి తెలియదు. ప్రాణము గలది దాని వేరు. గోటికి వెనుకప్రక్క, చర్మపు మడత క్రింద ఈ వేరు దాగి యుండును. బొటనవ్రేలి గోటి మొదట అర్ధచంద్రాకారముగా తెల్లగా కనబడునది ఈ వేరు కొసయే. అచ్చట దినదినము క్రొత్త గోరు తయారై పాతదానిని ముందునకు త్రోయుచుండును. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగును. మొదటినుండి కొనవరకు వచ్చుటకు ఆరు మాసములు పట్టును. కాలిగోరు ఇందులో సుమారు సగము వేగముతో మాత్రమే పెరుగును గాన, కాలి బొటనవ్రేలి గోరు పూర్తిగా మారుటకు ఒక ఏడు మొదలు ఏడాదిన్నర వరకు పట్టును.

ఈ లెక్క మన ఆడువారికి ఏ పుస్తకము చదువకయే తెలియును. ఆషాఢమాసమున పెట్టుకొన్న గోరింటాకు అరచేతిలో పది పదిహేను దినములలో మాసిపోవును. గోటిపై మాత్రము నిలుచును. శ్రావణమున గోటి మొదట సన్నని తెల్లని వంక కనబడును. దసరా నాటికి ఎరుపంతయు కొనవైపునకు జరిగియుండును. ఎరుపు జరుగలేదు, గోరే జరిగినది. గోటికి ఒకసారి అంటిన మరక ఏదైనను ఇట్లే ముందునకు పోవలెను.

అయితే ముందునకు పోని నలుపు ఒకటి కలదు. మన చర్మమునకు చాయనిచ్చు మెలనిన్ అను రంగును తయారుచేయు కణములు గోటి వేరులోను కలవు. సామాన్యముగా అవి నిద్రాణముగా నుండును. ఏ కారణముననైన అవి మేల్కొనిన, తయారగుచున్న గోటిలోనే రంగును కలుపుచుండును. అప్పుడు మొదటినుండి కొనవరకు గోధుమవన్నె లేక నల్లని చార నిలువుగా ఏర్పడును. మగ్గము తెలిసినవారికి ఈ భేదము సులభముగా బోధపడును. నేసిన బట్టపై సిరా చుక్క పడినచో, నేత సాగిన కొలది ఆ మరక బట్టతోపాటు చుట్టుకొని పోవును. పడుగులో ఒక నల్లని పోగు చేరినచో, నేసినంతమేర ఆ చార వచ్చుచునే యుండును. మొదటిది దెబ్బవంటిది, రెండవది వేరులోని సంగతి. ఇక చెప్పబోవునదంతయు ఈ భేదము మీద ఆధారపడి యున్నది.

దెబ్బ వలన నలుపు

రోకలి, సుత్తి, ట్రాక్టరు తొట్టి తలుపు, బండరాయి - వీని క్రింద వ్రేలు నలిగినచో గోటి క్రింద నెత్తురు చేరి ఎర్రగా, పిదప నీలముగా, తుదకు నల్లగా మారును. గోరుచుట్టుపై రోకటిపోటు అను సామెత ఊరక పుట్టలేదు. గోటి క్రింద నెత్తురు పోవుటకు దారి లేదు గనుక ఆ పోటు భరింపరానిది. వెంటనే చేయవలసినది తడిగుడ్డ చుట్టి చేయిని గుండెకంటె ఎత్తుగా నుంచుట. నొప్పి విపరీతముగా నున్నచో మొదటి ఒకటి రెండు దినములలో వైద్యుడు గోటికి చిన్న రంధ్రము చేసి ఆ నెత్తురును తీయగలడు. క్షణములో ఉపశమనము కలుగును. ఈ పనినే కొందరు ఇంటిలో దబ్బనము కాల్చి చేయుదురు. అది ఎంతమాత్రము తగదు. క్రింద ఎముక చిట్లియున్నచో ఆ రంధ్రము గుండ క్రిములు ఎముకలోనికే పోవును. ధనుర్వాతపు టీకా సంగతియు ఆసుపత్రిలోనే చూడవలెను.

ఈ నలుపు మానుటకు మందు లేదు, అక్కరయు లేదు. గోరింటాకువలె అది ముందునకు జరిగి పోవును. సభ్యులు చెప్పదగిన సులభమైన పరీక్ష ఒకటి కలదు. నలుపు వెనుక అంచునకు, గోటి మొదటి చర్మమునకు నడుమ ఎంత దూరమున్నదో చూచి, తేదీతో సహా గోడ కాలెండరుపై వ్రాసుకొనుడు. సెల్‌ఫోను చేతనున్నవారు ప్రక్కన స్కేలు నుంచి పగటి వెలుతురులో ఫోటో తీసికొనుట మరియు మేలు. నెలరోజుల పిమ్మట మరల చూడుడు. చేతిగోటిపై నలుపు వెనుక సుమారు మూడు మిల్లీమీటర్ల శుభ్రమైన గోరు క్రొత్తగా వచ్చియున్నచో అది పాత నెత్తురే. కాలిగోటికి రెండు మూడు నెలల గడువీయవలెను. గడువు తీరినను నలుపు వెనుక శుభ్రమైన గోరు రానిచో, దెబ్బ తగిలినదన్న మాట నిజమైనను సరే, ఆ వ్రేలిని వైద్యునికి చూపవలెను. ఏలయన గోటి క్రింది చెడ్డగడ్డయు నెత్తురు కార్చగలదు. దెబ్బ జ్ఞాపకమున్నది గనుక దెబ్బయే కారణమని తీర్మానించుట సరికాదు. గోరు చెప్పు సాక్ష్యమునే నమ్మవలెను.

అంటిన రంగులు, తడిచేతుల బాధలు

పైనుండి అంటిన రంగులను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. తలకు వేయు నల్లరంగు, పొగాకు, పలాస ప్రాంతమున జీడిగింజల పైపెంకు నుండి వచ్చు జీడి, పొటాషియం పర్మాంగనేటు కలిపిన నీరు - ఇవి గోటిని గోధుమవన్నెగానో నల్లగానో చేయును. పని మానిన కొన్ని వారములకు వెనుకనుండి శుభ్రమైన గోరు వచ్చును. జీడి మాత్రము చర్మమును కాల్చును గాన చేతితొడుగులు లేక నూనె పూత లేక ఆ పని చేయించరాదు.

తడిచేతుల సంగతి వేరు. నాట్లువేయు స్త్రీలు, బట్టలుతుకువారు, హోటళ్లలో అంట్లు తోమువారు, రొయ్యల కర్మాగారములలో పనిచేయువారు దినమంతయు తడిలో చేతులుంచుదురు. గోటి మొదటనున్న చర్మపు మడత గోటికి అంటిపెట్టుకొని యుండి లోనికి ఏమియు పోనీయని మూతవంటిది. నానుడువలన ఆ మూత వదులగును. అచ్చట క్రిములు చేరి వాచి, నొప్పెట్టుటయే గోరుచుట్టు. తెరలు తెరలుగా వచ్చిపోవు గోరుచుట్టు వలన గోటి ప్రక్కలు నల్లబారి గరుకగును. ఒక జాతి సూక్ష్మజీవులు చేరిన గోరు పచ్చగా, పిదప ఆకుపచ్చకలిసిన నలుపుగా మారును. వ్రేలికి నిమ్మకాయ తొడుగు అలవాటు మన ప్రాంతములలో పాతది. అందువలన గొప్ప కీడు లేకపోవచ్చును గాని, చీము పట్టి వ్రేలు పొంగిన తరువాత నిమ్మకాయతో ప్రొద్దుపుచ్చుట అపాయము. చక్కెరవ్యాధి గలవారికి మరింత అపాయము. చేతులను పొడిగా నుంచుటయే సగము వైద్యము. రబ్బరు తొడుగుల లోపల నూలు తొడుగు లేనిచో చెమటతో మరల తడియే అగును.

గోటికి బూజుజాతి క్రిమి పట్టినచో అది దళసరియై, పెళుసై, పసుపుగానో, కొన్ని వేళల నల్లగానో మారును. ఇది ఎక్కువగా కాలిగోళ్లకు వచ్చును. దీనికి వైద్యము కలదు, కాని నెలల తరబడి సాగునది. మాత్రలు వాడువారికి కాలేయపు పరీక్ష అవసరము కావచ్చును. గోటి పొడిని పరీక్షించి బూజు ఉన్నదని రూఢి చేసికొన్న పిదపనే మాత్రలు మొదలిడుట న్యాయము. మందులషాపులో చీటీ లేకయే ఇచ్చు స్టెరాయిడు కలిసిన పూతమందులు తాత్కాలికముగా మంటను తగ్గించి, లోపల బూజును పెంచును. మన గ్రామములలో తామర ఇంతగా మొండికెత్తుటకు ఈ పూతలును ఒక కారణము.

పెక్కు గోళ్లు ఒకేసారి నల్లబడినచో

ఒక వ్రేలు మాత్రమే నల్లబడినచో కారణము ఆ వ్రేలిలోనే వెదకవలెను. రెండు చేతులను పలు గోళ్లు ఒకే తీరున మారినచో కారణము దేహమునందో, వాడుచున్న మందునందో ఉండును. మన మేనిచాయ గలవారిలో వయస్సు వచ్చిన కొలది పలు గోళ్లపై సన్నని లేతగోధుమ చారలు తేలుట సహజము. అవి ఏండ్ల తరబడి ఒకే తీరున ఉండును, వానికి భయపడనక్కరలేదు. గర్భిణులలోను ఇట్టి చారలు కనబడవచ్చును.

బి12 విటమిను లోపించినవారిలో వ్రేళ్ల కణుపులు, గోళ్లు నల్లబడుట మన దేశపు వైద్యులు తరచుగా చూచు లక్షణము. పాలు, గ్రుడ్లు, మాంసము అతి తక్కువగా తినువారికి, వృద్ధులకు, చక్కెరవ్యాధికై చాలకాలము మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడువారికి ఈ లోపము వచ్చుట కలదు. నాలుక ఎర్రబడి నునుపుదేరుట, పాదములలో తిమ్మిరులు, ఆయాసము తోడుగా నుండును. ఒక రక్తపరీక్షతో తెలిసి, సూదులతోనో మాత్రలతోనో నయమగును. నలుపు కొన్ని నెలలలో తగ్గును. నలుపును చూచి సిగ్గుపడి చేతులు దాచుకొనువారు, తిమ్మిరిని వయసు లక్షణమని సరిపెట్టుకొనువారు తెలిసికొనదగిన సంగతి యిది. తిమ్మిరి మిగుల ముదిరినచో నరముల నష్టము పూర్తిగా తీరకపోవచ్చును. ఇక గోళ్లతోపాటు చిగుళ్లు, అరచేతి గీతలు నల్లబడి, మనిషి చిక్కిపోవుచు, లేచి నిలుచున్నప్పుడు కళ్లు తిరుగుచున్నచో మూత్రపిండములపై నుండు అడ్రినల్ గ్రంథుల జబ్బును అనుమానింపవలెను. మన దేశమున ఈ జబ్బునకు క్షయ ఒక ముఖ్య కారణము. ఇది వాయిదా వేయదగినది కాదు.

మందుల వలన వచ్చు నలుపు విషయమున పంచాయతీ సభ్యులకు ప్రత్యేకమైన బాధ్యత కలదు. కాన్సరు మందులు ఎక్కించుకొని ఊరు చేరినవారి గోళ్లు నల్లబడును. ఎయిడ్సు క్రిమికి ఇచ్చు జిడోవుడిన్ అను మందు గోళ్లను నల్లబరచును. 2023లో కేంద్ర ప్రభుత్వము సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలనకై జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. మన మన్యపు గ్రామములలోను ఆ వ్యాధి కలదు. దానికి వాడు హైడ్రాక్సీయూరియా మాత్రల వలనను గోళ్లపై నల్లని చారలు వచ్చును. ఈ నలుపు అంటువ్యాధి కాదు, దిష్టి కాదు, మందు వికటించినదనుటకు గుర్తును కాదు. కాని ఇరుగుపొరుగు మాటలకు జడిసి మందు మానివేయువారు కలరు. మానిన పిదప వచ్చు కీడు గోటితో పోదు. వైద్యుని అడుగక మందు మానరాదని వారికి నెమ్మదిగా, చాటున చెప్పవలెను. ఎవరు ఏ మందు వాడుచున్నారో రచ్చబండ వద్ద చర్చించుట మాత్రము తగదు.

ఒక్క గోటిపై నిలిచిన చార

ఇప్పుడు అసలు భయపడవలసిన సంగతికి వత్తము. గోటి వేరులోని రంగు కణములు అదుపు తప్పి పెరుగుటవలన వచ్చు కాన్సరునకు మెలనోమా అని పేరు. ఇది మన దేశమున అరుదు. అరుదైనది గనుకనే గుర్తు పట్టువారును అరుదు. తెల్లని మేనిచాయ గలవారి దేశములలో మెలనోమాకు ఎండ ముఖ్య కారణము కాగా, మనవంటివారికి వచ్చు కొద్ది మెలనోమాలలో ఎక్కువ పాలు అరికాలు, అరచేయి, గోరు అను ఎండ తగులని తావులలో పుట్టును. కావున "మన చర్మము నల్లనిది, మనకు ఆ జబ్బు రాదు" అను ధైర్యము గోటి విషయమున చెల్లదు.

ఇంగ్లండు శస్త్రవైద్యుడు జోనాథన్ హచిన్సన్ 1886లోనే దీని ముఖ్యలక్షణమును వర్ణించెను: గోటిలోని నలుపు గోటిని దాటి చుట్టునున్న చర్మమునకు ప్రాకుట. నేటికిని ఆ గుర్తు ఆయన పేరుతోనే వైద్యవిద్యార్థులకు బోధింపబడుచున్నది. 2000 సంవత్సరమున అమెరికా చర్మవైద్యులు అనుమానింపదగిన గుర్తులను ఒకచోట కూర్చిరి. వాని సారము పల్లెటూరి వాడుకకు తగినట్లు చెప్పిన నిట్లుండును. నలుబది మొదలు డెబ్బది యేండ్ల నడుమ వయస్సు, ఒకే గోటిపై, ముఖ్యముగా చేతి బొటనవ్రేలు, కాలి బొటనవ్రేలు, చూపుడువ్రేలు వీనిలో ఒకదానిపై చార, ఆ చార మూడు మిల్లీమీటర్లు, అనగా రెండు బియ్యపుగింజలను ప్రక్కప్రక్కన పేర్చినంత వెడల్పు లేక అంతకు మించి యుండి, అంచులు అలుకుకొనిపోయి, రంగు ఒకచోట లేతగా ఒకచోట చిక్కగా నుండుట, కొలది నెలలలో అది మారుట, చర్మముపైకి ప్రాకుట, రక్తసంబంధీకులలో ఎవరికైన మెలనోమా వచ్చియుండుట. ఇవన్నియు కలిసి రానక్కరలేదు. చర్మముపైకి ప్రాకుట యొక్కటియైనను కనబడిన ఆలస్యము పనికిరాదు.

చార పెరుగుచున్నదో లేదో తెలియుటకు పాత ఫోటో లేకపోయినను ఉపాయము కలదు. గోరు ఒక రిజిస్టరువంటిది. కొనయందున్నది ఐదారు నెలల క్రిందటి పుట. మొదట నున్నది ఈ వారపు పుట. చార కొనయందు సన్నముగా నుండి మొదటియందు వెడల్పుగా నున్నచో, ఈ ఐదారు నెలలలో అది పెరిగినదని గోటిమీదనే వ్రాసియున్నది. అట్టి గోటిని ఆ వారమే చూపవలెను. గోరు నిలువున చీలుట, తాకిన నెత్తురు కారుట, గోటి క్రింద పుండు పడి మానకుండుట ఇంకను ముదిరిన లక్షణములు. కొన్ని మెలనోమాలకు నలుపు రంగే యుండదు. కావున మానని పుండు ఎర్రగా నున్నను వదలరాదు. పిల్లల గోళ్లపై వచ్చు చారలు సామాన్యముగా పుట్టుమచ్చవంటివే. వైద్యునికి ఒకసారి చూపి, ఆయన చెప్పిన గడువులలో మరల చూపుచుండిన చాలును.

జమైకా దేశపు గాయకుడు బాబ్ మార్లీ పేరు మన గ్రామముల యువకులలో కొందరికి తెలిసియే యుండును. ఆయన కాలి బొటనవ్రేలి గోటి క్రింది మచ్చను మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బగా భావించిరి. 1977లో అది మెలనోమా అని తేలినది. వ్రేలు తీయించుకొనుట ఆయనకు సమ్మతము కాలేదు. గోటిని, దాని క్రింది భాగమును మాత్రమే తొలగించిరి. వ్యాధి లోపలికి వ్యాపించి 1981 మే నెలలో, ముప్పది యారవ యేట ఆయన మరణించెను. ధనము, కీర్తి, పెద్ద వైద్యులు అందుబాటున నున్నవానికి సైతము దెబ్బ యను మాట అడ్డము వచ్చినది. ఆయన వయస్సును గమనింపుడు: నలుబది యేండ్లు నిండలేదని ధైర్యము చెప్పుకొనుటకును వీలు లేదు.

తొలిదశలో వ్యాధి వేరు పైపొరకు మాత్రమే పరిమితమై యున్నప్పుడు గోటిని, వేరును తొలగించి, ఆ చోట చర్మమును అతికి, వ్రేలిని నిలుపుటకు వీలున్నది. లోతునకు దిగిన పిదప వ్రేలి కొసను, కొన్ని వేళల అంతకు మించి తీయవలసి వచ్చును. చంకలోని, గజ్జలలోని గ్రంథులకు చేరిన తరువాత వైద్యము కష్టము. ఇంత భేదమునకు కారణము ముఖ్యముగా కొన్ని నెలల ఆలస్యమే.

ఎచ్చటికి, ఎట్లు పోవలెను

మొదట ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు వైద్యుని చూడవచ్చును. దూరమైనచో ఉపకేంద్రమునుండి ఈ-సంజీవని ద్వారా వైద్యునితో మాటలాడు వసతియు కలదు. కాని పైన చెప్పిన అనుమానపు గుర్తులున్నప్పుడు ఫోటోతో సరిపెట్టుకొనరాదు. జిల్లా ఆసుపత్రిలోగాని, ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రిలోగాని చర్మవైద్యుడు కన్నులార చూడవలెను. ఆయన వెలుతురు గల భూతద్దముతో చారను పరిశీలించును. ఈ పరీక్షకు నొప్పి లేదు. ఇంకను అనుమానమున్నచో వ్రేలికి మత్తుసూది యిచ్చి వేరునుండి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపును. దీనినే బయాప్సీ యందురు.

"కత్తి తగిలిన కాన్సరు పాకును" అను భయముతో ముక్క తీయనీయక వెనుదిరిగి వచ్చువారు కలరు. ఈ భయమునకు ఆధారము లేదు. ముక్క పరీక్షింపక జబ్బు ఏదో నిర్ణయించుట సాధ్యము కాదు. దీనికి పూర్తిగా విరుద్ధమైన అలవాటు మరింత చెడ్డది. ఊరిలోనో పట్నములోనో ఎవరో నల్లగోటిని పెరికి, కట్టుకట్టి, తీసినదానిని పారవేయుదురు. క్రొత్త గోరు వచ్చువరకు రోగి నిశ్చింతగా నుండును. లోపలి గడ్డ మాత్రము పెరుగుచునే యుండును. కారణము తెలియని నల్లగోటిని ఎవరు తీసినను, తీసిన ముక్కను పరీక్షకు పంపితిరా యని అడుగుట రోగి హక్కు. అడుగలేని వానిపక్షమున సభ్యుడు అడుగవచ్చును.

కాన్సరని తేలినచో హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి, విశాఖపట్టణములోని హోమీ భాభా కాన్సరు ఆసుపత్రి వంటి ప్రభుత్వ సంస్థలు కలవు. తెలంగాణములో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ పథకముల క్రింద కాన్సరు చికిత్సలకు సాయము లభించును. కార్డు, ఆధారు పేర్లలో తేడాలు ఆసుపత్రి గడపలో బయటపడిన రోగికి దినములు వృథా యగును; ఊరిలోనుండగనే వానిని సరిచూచుట సభ్యులు చేయగల సాయములలో మేలైనది.

నెలలు కాదు, గంటలు లెక్కపెట్టవలసిన నలుపులు రెండు కలవు. గోళ్లు, పెదవులు కలిసి నీలమైనవో, అది గోటి జబ్బు కాదు. నెత్తుటిలో ప్రాణవాయువు చాలలేదని అర్థము. ఆయాసము తోడైనచో 108కి వెంటనే చెప్పవలెను. పాలపొడిని బావినీటితో కలిపి త్రాగించు నెలల పిల్లలలో ఇట్టి నీలిమ కనబడినచో ఆ నీటిలోని నైట్రేటును గూడ అనుమానింపవలెను. త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణము. కాచినందువలన అది పోదు సరికదా నీరు ఇగిరి మరింత చిక్కనగును. బావిని పరీక్షింపించుట పంచాయతీ పని. రెండవది చక్కెరవ్యాధి గలవాని కాలివ్రేలు. గోరే కాక వ్రేలికొస యంతయు నల్లబడి, చల్లబడి, వాసన వేయుచున్నచో అది కుళ్లు. నొప్పి లేదని ఆగరాదు. నరములు చచ్చుటవలన నొప్పి తెలియకయే యుండును. ఆ దినమే పెద్దాసుపత్రికి చేర్చవలెను.

పరీక్షకు పోవువారు గోళ్లరంగు తుడిచివేసికొని, వాడుచున్న మందుల చీటీలన్నియు వెంట తీసికొని పోవలెను. వైద్యుడు తప్పక అడుగు ప్రశ్నలు మూడు: ఎప్పటినుండి యున్నది, దెబ్బ తగిలినదా, మారినదా. కాలెండరుపై వ్రాసిన తేదీయు, ఫోనులోని పాత ఫోటోయు ఇచ్చట పనికివచ్చును. చేతులకు, కాళ్లకు గల ఇరువది గోళ్లను చూపవలెను. ఆషాఢము దగ్గరపడిన వేళ ఏ గోటిపైనైన అనుమానపు చార యున్నచో, ఆ యొక్క గోటిని గోరింటాకు పెట్టక విడిచిపెట్టుమని ఆశా కార్యకర్తలు ఇంటింట చెప్పవలెను.